గుండ్లకమ్మ ఆగకముందే

ఆయుధపూజ నాడు కంప్యూటర్లకు కూడా విశ్రాంతి ఇవ్వాలని పట్టుబట్టే కాలేజీ గుంటూరు చుట్టుపక్కల మాదొక్కటే అయి ఉంటుంది. నల్లపాడు దాటాక పత్తిచేల మధ్య మూడంతస్తుల ఇంజనీరింగ్ కాలేజీ మాది. కరస్పాండెంట్ మార్కండేయులు గారిది మంగళగిరిలో నేతపని చేసే ఇల్లు. మహర్నవమి నాడు వాళ్ళింట్లో మగ్గం ఆడదు. దానికి పసుపు కుంకుమ పెట్టి, పూలమాల వేసి, దశమి పొద్దుటిదాకా దానిమీద చెయ్యి వెయ్యరు. తన కాలేజీలోనూ అదే పద్ధతి నడవాలన్నారు ఆయన. లేత్ మెషీన్లు, బస్సులు, జనరేటర్, చివరికి నా సర్వర్ కూడా ఆ రోజు ఆగాల్సిందే.

నేను చేరిన కొత్తలో దీనిమీద వాదన పెట్టుకున్నాను. నాకు నోరు కొంచెం ఎక్కువ. "సర్వర్ అంటేనే ఆగకుండా పనిచేసేది సార్" అన్నాను.

"ఆగకుండా పనిచేసేది గుండె ఒక్కటేనమ్మా దీప్తీ. దానికీ ఒకరోజు సెలవు వస్తుంది" అన్నారు ఆయన నవ్వుతూ.

అప్పటినుంచి ఏడాదికోసారి సర్వర్ ఆపి, బొట్టు పెట్టి, దండం పెట్టి, మర్నాడు మళ్ళీ లేపడం నా ఉద్యోగంలో భాగమైపోయింది. నేను చెప్పబోయేది రెండువేల తొమ్మిది దసరా సంగతి.

అప్పటికి మా సర్వర్ గదిలో ఉన్న పెద్ద మెషీన్ ఒక్కటే. దానిలో లైనక్స్ వేసి, లోపల నాలుగు వర్చువల్ మెషీన్లు నడిపేవాళ్ళం. ఇది తెలియనివాళ్ళకి నేను ఇలా చెప్తుంటాను: ఒకే ఇంట్లో నాలుగు పోర్షన్లు, నాలుగు కాపురాలు. ఎవరి వంట వాళ్ళది, ఎవరి తలుపు వాళ్ళది, కరెంటు మీటర్ మాత్రం ఒకటే. ప్రతి వర్చువల్ మెషీన్‌కీ తన సొంత డిస్క్ ఉన్నట్టే ఉంటుంది గానీ, పెద్ద మెషీన్ వైపు నుంచి చూస్తే ఆ డిస్క్ మొత్తం ఒకే ఒక్క పెద్ద ఫైలు. ఆ నాలుగింటికీ మన వైపు నదుల పేర్లే పెట్టాం. హాజరు చూసేది నాగులేరు. పరీక్షలవి చంద్రవంక. వెబ్‌సైటు మూసి. నాలుగోది గుండ్లకమ్మ.

గుండ్లకమ్మ కాలేజీది కాదు, రాఘవమ్మ గారిది.

రాఘవమ్మ గారు తాడేపల్లిలో ఉండే రిటైరైన టీచరు. నల్లపాడులో ఒక చిన్న అంధుల బడి ఉంది. ఆ పిల్లల కోసం ఆవిడ పాఠ్యపుస్తకాలన్నీ పైకి చదివి రికార్డు చేసేవారు. మా ల్యాబ్ అసిస్టెంట్ శివనాగరాజు ప్రతి ఆదివారం మైకు పట్టుకుని తాడేపల్లి వెళ్ళేవాడు. ఆవిడ చదవడం, ఇతను దాన్ని సరిచేసి సర్వర్‌లో పెట్టడం. బడిలో పిల్లలు అక్కడి కంప్యూటర్ నుంచి గుండ్లకమ్మలోకి వచ్చి వినేవారు. జీతం తీసుకోని పని అది, ఇద్దరికీ.

చదవడమే అయితే ఇంకెవరైనా చదువుతారు. రాఘవమ్మ గారు బొమ్మలు చెప్పేవారు. పుస్తకంలో పటం వచ్చినచోట ఆగి, "పిల్లలూ, ఇక్కడొక బొమ్మ ఉంది. నేను చెప్తాను" అని మొదలుపెట్టేవారు. భారతదేశం పటాన్ని ఆవిడ ఎడమ అరచేతిలో చెప్పడం నేను విన్నాను. ఏ వేలు ఎక్కడికి పోతుందో, మణికట్టు దగ్గర ఏ సముద్రం ఉందో, అంతా పిల్లవాడు తన చేతిని తాను తడుముకుంటూ తెలుసుకునేలా చెప్పారు. ఆ మాటలు ఏ పుస్తకంలోనూ లేవు. ఆవిడ కూడా ఎక్కడా రాసుకోలేదు. మైకు ముందు అప్పటికప్పుడు చెప్పినవే.

ఆ ఏడు సంక్రాంతి వెళ్ళాక ఆవిడకి గొంతులో కాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. మెడ దగ్గర చిన్న రంధ్రం, దానిమీద తెల్లటి గుడ్డముక్క. అప్పటినుంచి ఏదైనా చెప్పాలంటే చేతిసంచిలోంచి పలక తీసి రాసి చూపించేవారు. ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పిన మనిషి అలా పలక పట్టుకోవడం చూస్తే నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చేది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను.

కాబట్టి గుండ్లకమ్మలో ఉన్నది పాఠాలే కాదు, ఆ గొంతు కూడా. అది ఇంకెక్కడా లేదు. బ్యాకప్ తీసే డిస్క్ వేసవిలో పాడైంది. కొత్తది కొనమని నేను పెట్టిన అర్జీ ఆఫీసులో నిద్రపోతోంది. బడికి ఇచ్చిన సీడీలు గీతలు పడి ఎప్పుడో పోయాయి.

నవమి పొద్దున నేను వెళ్ళేసరికి కాలేజీ అంతా మామిడాకుల తోరణాలు, బంతిపూలు. పిల్లలకి సెలవు, స్టాఫ్ మాత్రం పూజకి వచ్చారు. జనరేటర్ షెడ్డులో పూజ అప్పటికే అయిపోయింది. సర్వర్ గదిలో చీపురుపుల్ల కూడా లేకుండా తుడిచి, ర్యాకు మీద గుడ్డ పెట్టి మెరిపించి, శివనాగరాజు నాకోసం ఎదురుచూస్తున్నాడు. నాకన్నా పదేళ్ళు పెద్దవాడు, నెమ్మది మనిషి.

"మేడమ్, నిన్న సార్ సర్క్యులర్ పంపారు గదా, పూజకి ముందు పాతవన్నీ తీసేసి శుభ్రం చెయ్యమని. గదితోపాటు సర్వర్ కూడా శుభ్రం చేద్దామని పాత ఫైళ్ళు తీసేశా" అన్నాడు. "ఒకటైతే ఎనభై జీబీ. కానీ విచిత్రం, జాగా రాలేదు. డిస్క్ నిన్న ఎంత నిండుగా ఉందో ఇవాళా అంతే ఉంది."

నేను వెంటనే ఆరా తీశాను. "ఆ ఎనభై జీబీ ఫైలు పేరేంటి నాగరాజు గారూ?"

"ఓల్డ్ మెషీన్ అని ఉంది మేడమ్."

పాపం, ఆ పేరు చూస్తే ఎవరైనా తీసేస్తారు. నాకు ముందు పనిచేసినాయన పెట్టిన పేరది. మొదట్లో రాఘవమ్మ గారి పాఠాలు ఒక పాత కంప్యూటర్‌లో ఉండేవి. అది చచ్చేలా ఉందని ఆయన దాని డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఒక ఫైలుగా ఎత్తుకొచ్చి, వర్చువల్ మెషీన్‌గా నిలబెట్టి, దానికి గుండ్లకమ్మ అని పేరు పెట్టాడు. ఫైలు పేరు మాత్రం మార్చకుండా వదిలేశాడు. పాఠాలు గుండ్లకమ్మలో ఉన్నాయని శివనాగరాజుకు తెలుసు. గుండ్లకమ్మ అంటే ఆ ఫైలేనని తెలియదు.

నేను కుర్చీ లాక్కుని, నడుస్తున్న వర్చువల్ మెషీన్ల జాబితా చూపించే విర్ష్ లిస్ట్ కమాండు కొట్టాను. నాలుగు పేర్లూ కనిపించాయి. గుండ్లకమ్మ ఎదురుగా 'రన్నింగ్' అనే ఉంది. వాటి డిస్క్ ఫైళ్ళు ఉండే ఫోల్డర్‌లోకి వెళ్ళి చూశాను. మూడు ఫైళ్ళే ఉన్నాయి.

లైనక్స్‌లో ఫైలు తీసేయడమంటే దాని పేరు కొట్టేయడం, అంతే. ఆ ఫైలును ఏదో ఒక ప్రోగ్రామ్ తెరిచి పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా ఫైలు లోపల బతికే ఉంటుంది. అందుకే జాగా రాలేదు. పేరు పోయింది, మనిషి ఉన్నాడు. కానీ ఆ ప్రోగ్రామ్ ఆగిన క్షణం ఫైలు పోతుంది, ఇక వెతికి తెచ్చేవాడు ఉండడు. గుండ్లకమ్మను నడుపుతున్న ప్రోగ్రామ్ దాన్ని ఇంకా పట్టుకునే ఉంది. ఎల్‌సాఫ్ అనే కమాండు కొడితే ఆ సంగతి తెరమీద కనిపించింది. ఫైలు పేరు, పక్కనే 'డిలీటెడ్' అన్న మాట.

ఈ పూటకి పూజ పేరుతో ఆ మెషీన్ ఆపాలి. ఆపితే రాఘవమ్మ గారి గొంతు ఆగిపోతుంది, మళ్ళీ రాదు.

శివనాగరాజుకి విషయం చెప్పాను. నేను తిట్టలేదు, అంత టైము లేదు. అతను నిలబడినచోటే గోడకి ఆనుకున్నాడు.

"రాఘవమ్మ గారు కింద పూజలో ఉన్నారు మేడమ్. ఏటా వస్తారు గదా. ఆవిడకి నేనే చెప్తాను."

"ముందు పని చూద్దాం, తర్వాత చెప్దురు గాని" అన్నాను. కానీ అతను అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

తెరిచి ఉన్న ఫైలుకు పేరు లేకపోయినా ఒక దారి ఉంటుంది. ప్రతి ప్రోగ్రామ్‌కీ ప్రోక్ అనే ఫోల్డర్ కింద ఒక గూడు, ఆ గూట్లో అది పట్టుకున్న ఫైళ్ళన్నిటికీ నంబర్లు. ఆ నంబరు పట్టుకుని లోపలున్నదంతా వేరేచోటికి కాపీ చెయ్యొచ్చు. చెయ్యడానికి చోటు కావాలి. నా హ్యాండ్‌బ్యాగులో ఉన్న యూఎస్‌బీ డిస్క్ తీశాను. దాన్నిండా మా పెదనాన్న కూతురి పెళ్ళి వీడియో. తుడిచేశాను. ఆ వీడియో పెళ్ళికూతురు కూడా రెండోసారి చూడలేదు.

కాపీ అవుతుండగా గుండ్లకమ్మ లోపల ఎవరైనా ఏదైనా రాస్తే కాపీ చెడుతుంది. అందుకని లోపలికి వెళ్ళి, రాయడం మిగిలినదంతా డిస్క్‌కి చేర్చే సింక్ కమాండు కొట్టి, బయటికి వచ్చి విర్ష్ సస్పెండ్ కొట్టాను. అంటే ఆపడం కాదు, ఉన్నచోట ఉన్నట్టు నిలబెట్టడం. ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది మెషీన్. ఫైలు మాత్రం వదలదు. ఆ తర్వాత కాపీ మొదలుపెట్టాను. ఆ డిస్క్ వేగానికి గంట పైన పట్టేలా ఉంది.

అప్పుడు హారతి పళ్ళెంతో కరస్పాండెంట్ గారు వచ్చారు. వెనకాల రాఘవమ్మ గారు, ఆవిడ వెనకాల తల వంచుకుని శివనాగరాజు. ఆవిడ ముఖం చూస్తే తెలిసిపోయింది, చెప్పేశాడని.

"ఆపే ముహూర్తం దాటిపోతోందమ్మా దీప్తీ" అన్నారు మార్కండేయులు గారు.

"ఇవాళ ఆపలేను సార్. ఆపితే అమ్మగారి పాఠాలు పోతాయి." ఉన్నదంతా గబగబా చెప్పాను. చివర్లో నా గొంతు పెరిగింది. "మీ సర్క్యులర్‌లో పాతవన్నీ తీసేసి శుభ్రం చెయ్యమని రాశారు. అందుకే ఇంతదాకా వచ్చింది."

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. హారతి పళ్ళెం బల్లమీద పెట్టి, కుర్చీలో కూర్చున్నారు. "మగ్గం మీద చీర సగంలో ఉంటే నవమి వచ్చినా మేము పోగు తెంపం. అది దిగేదాకా నేసి, ఆ తర్వాతే పూజ చేస్తాం. కానివ్వండి" అన్నారు.

శివనాగరాజు రాఘవమ్మ గారి ముందు నేలమీద కూర్చున్నాడు. "ఆ పాఠాలన్నీ నా చేత్తో పెట్టాను, నా చేత్తోనే తీసేశానమ్మా" అంటూ ఏడ్చాడు. ఆవిడ పలక తీశారు. ఏదో రాసి చెరిపేశారు. బలపం పలక మీద ఆనించి అలాగే ఉంచారు. చివరికి ఒక్క మాట రాసి అతనికి చూపించారు: "తెలిసి చెయ్యలేదు." క్షమించడం ఆవిడకి తేలిక కాలేదని నాకు అర్థమైంది, అందుకే ఆవిడ మీద గౌరవం ఇంకా పెరిగింది.

కాపీ సగం దాటింది. అప్పుడు కరెంటు పోయింది.

కరెంటు పోవడం మాకు వింత కాదు. అందుకేగా జనరేటర్ ఉన్నది. యూపీఎస్ బీప్‌మనడం మొదలుపెట్టింది. దాని బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు అరగంట లాగేది. ఇప్పుడు అందులో సగం లాగినా గొప్పే. కాపీకి అంతకన్నా ఎక్కువే కావాలి. నేను కిటికీలోంచి జనరేటర్ షెడ్డు వైపు చూశాను. పొగ లేదు, చప్పుడు లేదు. పరుగెత్తాను.

షెడ్డులో జనరేటర్ పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టుంది. ఒంటినిండా పసుపు, కుంకుమ బొట్లు, నడుం చుట్టూ బంతిపూల మాల, చక్రం కింద నిమ్మకాయలు. ముందు అగరొత్తులు ఇంకా కాలుతున్నాయి. ఆపరేటర్ బుల్లయ్య గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, జనరేటర్ వచ్చినప్పటినుంచి దాన్ని చూస్తున్నది ఆయనే.

"బుల్లయ్యా, జనరేటర్ వెయ్యి. తొందరగా."

"పూజైపోయింది గదమ్మా. రేపు పొద్దుటిదాకా దాన్ని ముట్టుకోకూడదు."

"ముట్టుకోకపోతే పైన రాఘవమ్మ గారి పాఠాలన్నీ పోతాయయ్యా. బ్యాటరీ ఎంతోసేపు రాదు."

ఆయన లేచాడు గానీ ఇంజన్ వైపు రాలేదు. "మా అన్న పత్తి జిన్నింగ్ మిల్లులో చేసేవోడమ్మా. నవమి నాడు పూజ చేసిన ఇంజన్ని షావుకారు తిప్పమంటే తిప్పాడు. బెల్టులో పడి చెయ్యి ఇక్కడిదాకా పోయింది." మోచేతి మీద గీత గీసి చూపించాడు. "ఆ తర్వాత ఆరు నెలలే బతికాడు. నా వల్ల గాదమ్మా."

కరస్పాండెంట్ గారు కూడా దిగి వచ్చారు. "మీరైనా చెప్పండి సార్" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "మగ్గానికి పూజ చేసినవాడే మర్నాడు దాని మాల తీస్తాడు. పనిముట్టు ఎవరిదైతే మాటా వాళ్ళదే. చెయ్యి అతనిది. నేనెట్లా చెప్పగలను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "అయితే తాళం ఇవ్వు, నేనే తిప్పుతాను" అన్నాను బుల్లయ్యతో.

"మీ చెయ్యి పోయినా చెయ్యే గదమ్మా" అన్నాడు ఆయన. మొండితనంగా కాదు, బతిమాలుతున్నట్టు. ఇంత భయంలోనూ ఆయన నా చెయ్యి గురించే ఆలోచిస్తున్నాడు. అలాంటి మనిషిని ఏమని తిట్టను?

ఈలోగా రాఘవమ్మ గారు మెట్లు దిగి వచ్చారు. శివనాగరాజు చెయ్యి పట్టుకుని, మెడమీది గుడ్డ అదుముకుంటూ, ఆయాసపడుతూ వచ్చారు. ఎవరి వంకా చూడలేదు. నేరుగా జనరేటర్ దగ్గరికి వెళ్ళి నిలబడి రెండు చేతులూ జోడించారు. కళ్ళు మూసుకుని దండం పెట్టారు. తర్వాత మాల ముడి విప్పి, మాల తీసి కళ్ళకద్దుకుని, స్టూలు మీద జాగ్రత్తగా పెట్టారు. చక్రం కింది నిమ్మకాయలు ఒక్కొక్కటీ తీసి పక్కకి పెట్టారు. ఆ ఇంజన్ని నొప్పించకూడదన్నంత నెమ్మదిగా చేశారు.

నిత్యం పూజ చేసుకునే మనిషి ఆవిడ. నవమి నాడు ఆవిడ ఇలా చేస్తారని షెడ్డులో ఎవరూ అనుకోలేదు.

పలక తీసి రాసి బుల్లయ్యకి చూపించారు. ఆయనకి చదువు రాదు. శివనాగరాజు చదివాడు. "నా దగ్గర తీసుకోవాల్సింది దేవుడు తీసుకున్నాడు. ఇంక నాకు భయం లేదు. నేను తిప్పుతాను, ఎట్లా తిప్పాలో చూపించు."

బుల్లయ్య ఆ పలక వంక, ఆవిడ మెడ మీది గుడ్డ వంక చూశాడు. పైన యూపీఎస్ బీప్‌లు దగ్గర దగ్గరగా వినిపిస్తున్నాయి. అయినా ఎవరినీ తొందరపెట్టే ధైర్యం లేకపోయింది.

ఆయన మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి తీశాడు. ఆవిడకి ఇచ్చాడు. డీజిల్ వాల్వు ఎక్కడుందో వేలితో చూపించాడు, ఆవిడ తిప్పారు. తాళం ఎక్కడ పెట్టాలో చూపించాడు, ఆవిడ పెట్టారు. తిప్పడానికి ఆవిడ వేళ్ళలో బలం చాలలేదు. ఒకసారి ప్రయత్నించారు, ఇంజన్ దగ్గి ఆగిపోయింది. రెండోసారి కూడా అంతే. ఆవిడ పెదవులు బిగించి మూడోసారి చెయ్యి వెయ్యబోతుంటే, బుల్లయ్య ముందుకొచ్చి తన చెయ్యి ఆవిడ చెయ్యి మీద వేశాడు.

"అమ్మా, ఇద్దరం తిప్పుదాం" అన్నాడు.

ఇంజన్ అందుకుంది. షెడ్డంతా అదిరింది. నేను మెట్లన్నీ ఎక్కి సర్వర్ గదికి చేరేసరికి యూపీఎస్ బీప్‌లు ఆగిపోయి ఉన్నాయి. ఒక్క క్షణం, బ్యాటరీ అయిపోయే ఆగిందేమో అనిపించింది. తెరమీద కాపీ ఇంకా నడుస్తోంది. అప్పుడు కుర్చీలో కూలబడి ఏడ్చాను. నాకు ఏడుపు తొందరగా రాదు. ఆ రోజు వచ్చింది.

కాపీ పూర్తయ్యేదాకా అందరూ ఆ గదిలోనే ఉన్నారు. బుల్లయ్య మాత్రం ఇంజన్ దగ్గరే నిలబడ్డాడు, దాన్ని కనిపెట్టుకుని. ఎవరూ ప్రసాదం ముట్టుకోలేదు.

కాపీ అయింది. కానీ అసలు గండం ఆ తర్వాతే. కాపీని నిలబెట్టి నడపాలంటే పాతదాన్ని ఆపాలి. రెండూ ఒకే పేరుతో, ఒకే చిరునామాతో నడవవు. ఆపితే పేరులేని ఆ ఫైలు శాశ్వతంగా పోతుంది. కాపీలో ఎక్కడైనా చెడి ఉంటే ఇక చెయ్యగలిగింది లేదు. పరిమాణం సరిచూశాను, మొదటి నుంచి చివరిదాకా రెంటినీ పోల్చే కమాండు కొట్టాను. మళ్ళీ చాలాసేపు ఎదురుచూపు. తేడా లేదంది. అయినా నా చెయ్యి ఎంటర్ మీదకి పోలేదు. కింద షెడ్డులో మోచేతి మీద గీత గీసి చూపించిన బుల్లయ్య భయం ఏమిటో అప్పుడు నాకు తెలిసింది.

రాఘవమ్మ గారి వైపు తిరిగాను. "అమ్మగారూ, ఇప్పుడు పాతది ఆపాలి. ఆపమంటారా?"

ఆవిడ పలక తియ్యలేదు. శివనాగరాజు వంక చూసి, కీబోర్డు వైపు చెయ్యి చూపించారు. అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నా చేత్తో వద్దమ్మా" అన్నాడు. ఆవిడ మళ్ళీ చూపించారు. ఇంకెవరూ వద్దు, అతనే. అతను వచ్చి కూర్చుని, నేను చెప్పిన కమాండు ఒక్కో అక్షరమే కొట్టి, కళ్ళు మూసుకుని ఎంటర్ నొక్కాడు.

జాబితాలోంచి గుండ్లకమ్మ పోయింది. డిస్క్‌లో ఎనభై జీబీ జాగా ఖాళీ అయింది. నిన్నటినుంచి రావాల్సిన జాగా అప్పుడొచ్చింది.

కాపీని గుండ్లకమ్మ పేరుతో మళ్ళీ లేపాం. మెషీన్ మధ్యలో ఆగినట్టు లెక్క కాబట్టి, లేచేటప్పుడు తన డిస్క్ తాను సరిచూసుకుంటుంది. తెరమీద వరుసలు ఒకచోట ఆగిపోయాయి. మార్కండేయులు గారు గట్టిగానే నామం చదువుకుంటున్నారు. వరుసలు మళ్ళీ కదిలాయి. లాగిన్ అడిగింది.

శివనాగరాజు స్పీకర్లు తగిలించి, చేతికందిన పాఠం ఒకటి తెరిచాడు. చిన్న గరగర, ఆ వెంటనే గొంతు. నిండుగా, కొంచెం బొంగురుగా, మందలింపూ ముద్దూ కలిసిన గొంతు. తొమ్మిది నెలలుగా ఆ గదిలో ఎవరమూ వినని గొంతు.

"పిల్లలూ, ఇక్కడొక బొమ్మ ఉంది. నేను చెప్తాను. ఇది పత్తి పువ్వు. విచ్చిన రోజు తెల్లగా ఉంటుంది. మర్నాటికి గులాబీ రంగు తిరుగుతుంది. తెలుపంటే మీకు ఎట్లా చెప్పను? తెల్లవారుజామున ఒంటికి తగిలే చల్లగాలి అనుకోండి. గులాబీ అంటే అదే గాలి కాస్త ఎండెక్కాక చెంపకి తగిలితే ఎట్లా ఉంటుందో, అట్లా."

నేను రాఘవమ్మ గారి వైపు చూశాను. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. పుస్తకంలో లేని మాటలవి, ఎన్నడో ఒకసారి చెప్పి వదిలేసిన మాటలు. ఒక్కటి కూడా తప్పిపోకుండా, ఒక్క చోట కూడా ముందూ వెనకా కాకుండా, స్పీకర్‌లోంచి వస్తున్న ప్రతి మాటనూ ఆవిడ పెదవులతో పలుకుతున్నారు. ముఖంలో ఆ పాఠం చెప్పేనాటి టీచరు ఉంది. చూస్తూ చూస్తూ ఉంటే గొంతు పెట్టెలోంచి వస్తోందన్న సంగతి నేను మర్చిపోయాను. ఆవిడే మాట్లాడుతున్నారు.

శివనాగరాజు తల బల్లమీద వాల్చేశాడు. ఎప్పుడొచ్చాడో, బుల్లయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతులకి డీజిల్, చొక్కా మీద పసుపు. చదువు రాని మనిషి, కదలకుండా పాఠం వింటున్నాడు.

"అర్థం కాకపోతే మళ్ళీ మొదటినుంచి పెట్టుకోండి" అన్నారు రాఘవమ్మ గారు. "ఎన్నిసార్లయినా చెప్తాను. నాకు విసుగు రాదు."

"అట్లాగేనమ్మా" అన్నాడు బుల్లయ్య.